రంజన్‌లో కరిగిన జెల్

ఇరవై నాలుగేళ్ళ వయసులో, మనకు తెలియనిది ఇంకా ఎవరూ కనిపెట్టలేదనే అనిపిస్తుంది. తొంభైల నడుమ నేను పాలిమర్ల మీద పరిశోధన చేస్తూ, అశోక్‌నగర్‌లో ఒక ఇంటి వెనక గదిలో కిరాయికి ఉన్నప్పుడు నా పరిస్థితి అదే. నా పదార్థం చల్లగా ఉన్నంతసేపు నీళ్ళలా ఉండేది. ఒంటి వేడి తగిలితే అందులోని అణువులు తమంతట తామే కంటికి కనపడనంత చిన్న గుంపులుగా చేరేవి, అంతా జెల్‌లా గట్టిపడేది. మందు కలిపి సూదితో ఎక్కిస్తే లోపల పేరుకుని, ఆ మందును మెల్లగా వదలాలన్నది మా ఆశ. (ఇది విన్న మా ఓనరక్క "అంటే మందు పెరుగు" అని తేల్చేసింది. కాదని అరగంట చెప్పాను.)

ఆ మే నెలలో ల్యాబ్‌లో ఫ్రిజ్ చెడిపోవడంతో, ఆ పదార్థం ఉన్న సీసాను తెచ్చి వారం రోజులుగా అక్క ఫ్రిజ్‌లో పెట్టుకున్నాను. ఒకనాడు మధ్యాహ్నం మూడింటికి దాన్ని మా గైడు గారికి, బయటి నుంచి వచ్చే ఇద్దరు పెద్దలకు చూపాలి. వాళ్ళకు నచ్చితేనే నా ఫెలోషిప్ మరో ఏడాది సాగుతుంది. ఆ పొద్దున్నే కరెంటు పోయింది. భోజనం చేసి వచ్చి సీసా తలకిందులు చేస్తే లోపలిది కదల్లేదు. ఎనిమిది నెలల పని నాశనమైందనుకున్నాను. మెట్ల మీద కూర్చుని గైడు గారికి క్షమాపణ లేఖ మొదలుపెట్టాను, ఇంగ్లీషులో, మంచి చేతిరాతతో. అక్క వచ్చి ఏమైందని అడిగితే చెప్పాను.

"ఖరాబేం కాలే తమ్మీ. మొన్న కరెంటు పోయినప్పుడు గూడ గిట్లనే గట్టిపడ్డది. రంజన్ల పెడితె మళ్ళ నీళ్ళయింది. నీకు తెల్వదా?"

తెలుసు. చల్లబడితే మళ్ళీ కరుగుతుందని నోటుబుక్కులో రాసుకుని, కింద ఎర్ర సిరాతో గీత కూడా గీసుకున్నాను. ఆ మధ్యాహ్నం మాత్రం అది గుర్తుకు రాలేదు. అక్క సీసా మూత బిగించి, రంజన్‌లో, అంటే మంచినీళ్ళ మట్టికుండలో, దించింది. అరగంటకు లోపలిది నీళ్ళలా కదిలింది. (రంజన్‌లో నీళ్ళు తర్వాత మొక్కలకు పోసింది.) టిఫిన్ డబ్బాలో అవే చల్లటి నీళ్ళు పోసి, సీసా అందులో ముంచి ఇచ్చింది. చిక్కడపల్లిలో బస్సెక్కి, నారాయణగూడ దాటేదాకా డబ్బా మూత తీసి చూస్తూనే ఉన్నాను. పక్కసీటు పెద్దాయన కూర కారుతున్నదా అని అడిగాడు.

పెద్దల ముందు సీసాను గుప్పిట్లో పట్టుకుంటే గట్టిపడింది, డబ్బాలో ముంచితే కరిగింది. ఇలా ఎన్నిసార్లు గట్టిపడి మళ్ళీ కరుగుతుందో చూశావా అని గైడు గారు అడిగారు.

"రెండుసార్లు సార్, ఇంట్లో" అన్నాను.

ఇంటి దగ్గర కూడా పని చేస్తున్నందుకు ఆయన అందరి ముందూ మెచ్చుకున్నారు. ఫెలోషిప్ సాగింది. సాయంత్రం ఆ సంగతి అక్కకు చెప్పాను, మెచ్చుకోలు సంగతి మాత్రం చెప్పలేదు. తర్వాత థీసిస్‌లో కృతజ్ఞతల పేజీలో ఎందరినో తలుచుకున్నాను, టైపు చేసినాయనతో సహా. అక్క పేరు రాస్తే కారణమూ రాయాల్సి వస్తుందని మానేశాను. ఇప్పుడు ఆ పేజీ చూస్తే, అంత జాగ్రత్తగా పరువు కాపాడుకున్న ఆ కుర్రాడి మీద కోపం రాదు. పక్కన కూర్చోబెట్టుకుని, ఆ ఒక్క వాక్యం రాసెయ్యి నాయనా అని చెప్పాలనిపిస్తుంది.