గోడ తీసేసిన డ్రాయింగు

దోహాలో మా తెలుగు క్రైస్తవ సంఘానికి శుక్రవారం ఆరాధనకు హాలు దొరికేది సరిగ్గా రెండు గంటలు. ఆ తర్వాత అదే హాల్లో ఫిలిప్పీన్స్ వాళ్ళ ఆరాధన. అందుకే మా ముఖ్యమైన మాటలన్నీ బయట పార్కింగులో, ఎండలో నిలబడే జరుగుతాయి. దక్షిణ సూడాన్ కుళాయిల సంగతీ అక్కడే తేలింది.

మాతో పాటు ఇక్కడ సర్వేయరుగా పనిచేసిన ఒకాయన ఉద్యోగం మాని సేవకు వెళ్ళారు. ఇప్పుడు దక్షిణ సూడాన్‌లో ఒక మారుమూల చోట పాస్టరు. మేం అయ్యగారు అంటాం. పశువులు మేపుకుని బతికే రెండు తెగలు అక్కడ ఏళ్ళ తరబడి కాల్చుకుంటున్నాయి. ఆయన బడి నడుపుతారు. తుపాకులతో సంతకు రావద్దని రెండు వైపుల పెద్దలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి ఒప్పిస్తారు. మేం ఇక్కడ ప్రతి వారం ఆ రెండు తెగల కోసం ప్రార్థన చేస్తాం. ఈ వారం ఒక తెగ పేరు ముందు వస్తే వచ్చే వారం రెండోది ముందు రావాలి. ఆ వరుస తప్పకుండా రాసి పెట్టే పని నాది. ఇంతవరకు ఒక్కసారీ తప్పలేదు.

ఒక రోజు అయ్యగారి వాయిస్ మెసేజ్ వచ్చింది. బోరులో నీళ్ళు పడ్డాయి. పంపు, సోలారు పలకలు అక్కడి మిషన్ వాళ్ళు తెస్తున్నారు. అప్పటిదాకా ఆడవాళ్ళు నదికి వెళ్ళే దారిలోనే కాల్పులు జరిగేవి. కడవతో వెళ్ళిన ఇద్దరు ఆ మధ్యే గాయపడ్డారు.

"తగవు రాని కుళాయిలు గీసి పంపు తమ్ముడూ. పెద్దలకు చూపించాలి. వాళ్ళు కాదంటే ఆడవాళ్ళకి మళ్ళీ ఆ నది దారే గతి" అన్నారు.

నేను దోహాలోనే ముషైరిబ్ అనే పేటలో ఒక ఆఫీసులో భవనాలకు నీటి పైపుల డిజైన్ చేస్తాను. మూడు సాయంత్రాలు కూర్చుని గీశాను. చదరపు దిమ్మ, నడుమ ఆరడుగుల గోడ, గోడకు ఇటు నాలుగు కుళాయిలు, అటు నాలుగు. రెండు వైపులా పైపు పొడవు అంగుళం తేడా లేకుండా ఒకటే, కాబట్టి నీటి ధార కూడా ఒకటే. ఎవరూ మాకు తక్కువ వచ్చిందనలేరు. ఇంతకన్నా న్యాయం ఉండదనుకున్నాను.

శుక్రవారం ప్రింటు తీసి పార్కింగులో చూపించాను. అందరూ బాగుందన్నారు. మా సంఘంలో పెద్దావిడ, కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ నర్సుగా చాలాకాలంగా పనిచేస్తున్న ఆంటీ మాత్రం కళ్ళజోడు పెట్టుకుని కాగితాన్ని కారు బానెట్ మీద పరిచారు.

"ఈ గోడెందుకురా?"

"తగవు రాకుండా ఆంటీ. ఎవరి వైపు వాళ్ళది."

"మా ఊళ్ళోనూ ఇలాగే అనుకున్నారు మిషను వాళ్ళు. మాలపల్లెకో బావి, మాదిగపల్లెకో బావి తవ్వించారు. రెండు పల్లెలూ ఒకే దేవుణ్ణి మొక్కుతాయి. పొట్లాటలు ఆగాయని సంబరపడ్డారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?"

"ఏసయ్య గుళ్ళు కూడా రెండయ్యాయి. ఇప్పటికీ రెండే. మా అమ్మ చచ్చేదాకా అవతలి పల్లె బావి నీళ్ళు తాగలేదు. తగవు లేదురా, పలకరింపే లేదు."

మా ఊళ్ళోనూ గుళ్ళు రెండే. చిన్నప్పటి నుంచీ చూస్తూ పెరిగాను గనుకే గోడ అంత సులువుగా గీయగలిగాను. అక్కడి తెగల గురించి నాకేమీ తెలియదు, నాకు తెలిసినదాన్నే వాళ్ళకు కట్టబోయాను.

"అక్కడ తుపాకులున్నాయి ఆంటీ. కలిపితే కాల్చుకుంటే?"

"అది అయ్యగారు చూసుకుంటారు. ఆయన ఎందుకు వెళ్ళాడనుకున్నావు? నువ్వు మాత్రం గోడ తీసెయ్యి. నీకు చేతకాకపోతే రబ్బరు నాకివ్వు."

మర్నాడు సైటులో పైపుల పని చూసే ఫోర్‌మన్ అన్నను అడిగాను. జగిత్యాల వైపు మనిషి. చర్చికి రాడు గాని కుళాయిల సంగతి ఆయనకు తెలిసినంత నాకు తెలియదు.

"గుండ్రంగ పెట్టు తమ్మీ. నడుమ స్తంభం, సుట్టూ నల్లాలు. మా లేబర్ క్యాంప్‌ల అట్లనే ఉన్నయి. నేపాలోడు, బంగ్లావోడు, పాకిస్తానోడు, మనం, అందరం ఒక్కతాన్నే మొహం కడుగుతం."

"కొట్లాటలు రావా అన్నా?"

"ఎందుకు రావు? మొదటి వారం నాకు సబ్బు నురగ కొట్టిండని ఒకన్ని బకెటుతోని కొట్టబోయిన. గిప్పుడు వాడే నా సబ్బు వాడుకుంటుండు, దొంగ!"

కుళాయి ఎత్తు కూడా ఆయనే చెప్పాడు. కడవ కింద పెట్టి నింపేంత ఎత్తు, పక్కనే కడవను నెత్తికెత్తుకునే ముందు ఆనించడానికి ఒక చిన్న గట్టు. రెండోది నాకు తట్టనే లేదు.

కొత్త డ్రాయింగులో మార్పు రాసే గడి ఉంటుంది. "నడిమి గోడ తొలగించబడింది" అని నింపాను. చెక్ చేసినవారు అన్నచోట ఆంటీ పేరు, ఫోర్‌మన్ అన్న పేరు రాసి అయ్యగారికి పంపాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ డ్రాయింగు మీదా అంత గట్టి పేర్లు లేవు.

పెద్దలతో సమావేశం రోజున నాకు పని మీద మనసు నిలవలేదు. సాయంత్రం అయ్యగారు ఫోన్ చేశారు.

"రెండు తెగల పెద్దలూ మొదట గోడ కావాలనే పట్టుబట్టారు. అందులో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట!" అని నవ్వారు. "నేను చెప్పి చెప్పి అలిసిపోయాను. అప్పుడు వెనక కూర్చున్న ఆడవాళ్ళు లేచారు. నదికి వెళ్ళినప్పుడు గాయపడిన ఇద్దరిలో ఒకావిడ ముందు మాట్లాడింది. గోడ ఉంటే అవతల ఎవరు నిలబడ్డారో కనపడదు, కనపడకపోతేనే మాకు భయం అంది. రెండో తెగ ఆడవాళ్ళు కూడా అదే అన్నారు. పెద్దలు ఇంకేమంటారు?"

ఆ మాట మాలో ఎవరికీ తట్టలేదు. గోడ వద్దనడానికి ఆంటీకి ఒక కారణం ఉంది, అన్నకు ఇంకొకటి. అసలు కారణం కడవ మోసేవాళ్ళ దగ్గర ఉంది.

దిమ్మ కట్టాక అయ్యగారు పంపిన వీడియోను పార్కింగులో నలుగురం తలలు దగ్గర పెట్టి చూశాం. ఎనిమిది కుళాయిలు, చుట్టూ ఆడవాళ్ళు. ఎవరిది ఏ తెగో మాకు తెలియలేదు. ఒకామె కడవ ఎత్తుకోలేకపోతుంటే పక్కామె చెయ్యి వేసింది. ఆంటీ ఫోను లాక్కుని మళ్ళీ మొదటి నుంచి పెట్టారు.

"బాగా గీశావురా" అన్నారు. అంతలోనే, "ఆ మూడోది కారుతోంది, చూడు. నీళ్ళు వేస్టు."

నిజమే, కారుతోంది. వాషర్ కొలత కనుక్కోమని అక్కడే నిలబడి అయ్యగారికి మెసేజ్ పెట్టాను.