పదిహేడు దేశాలు, రెండు గాట్లు

జెండాలాయన అసలు పేరు వీధిలో ఎవరికీ తెలియదు. పోస్టుమాను కూడా "జెండాలాయన ఇల్లెక్కడ?" అని అడుగుతూ వచ్చేవాడు. ఓడరేవు గేటుకు ఎదురుగా, తాళ్ల కొట్టు పైనున్న మేడ మీద, జెండాలు కుట్టే షాపులో ఆయన ఇరవై ఆరేళ్లు మిషను తొక్కాడు. ఏ దేశం జెండా అయినా కళ్లు మూసుకుని కుట్టేస్తాడని చుట్టుపక్కల గొప్పగా చెప్పుకునేవారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆయన భార్య నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లిపోయేది. ఆ విషయంలో ఆయన కళ్లు మూసినా తెరిచినా ఒకటే మరి. ఆయనకు ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియదు.

అది పుట్టుకతో వచ్చింది. రెండు రంగులూ ఆయన కంటికి ఎండుటాకులాగే కనిపించేవి. చిన్నప్పుడు తండ్రి దర్జీ కొట్టులో ఎర్ర జాకెట్టుకు ఆకుపచ్చ దారం వేసి కుడితే, "కళ్లు నెత్తికెక్కాయా?" అని తండ్రి వీపు విమానం మోత మోగించాడు. లోపం కంటిలో ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. తనకు బుర్ర తక్కువని ఆ పిల్లవాడు అనుకున్నాడు, చాలా ఏళ్లు అలాగే అనుకున్నాడు. పెళ్లయ్యాక మూడో నెలలోనే భార్య సంగతి కనిపెట్టింది. వరసగా మూడు వారాలు పచ్చి టమాటాలు మోసుకొచ్చిన మనిషిని ఏమీ అనకుండా, సంచీ తన చేతిలోకి తీసుకుంది.

మొదట్లో ఆయన ఆసుపత్రి దుప్పట్లు కుట్టే పని చూసుకున్నాడు. అన్నీ తెలుపే. పదేళ్లు హాయిగా గడిచాయి. తర్వాత ఆసుపత్రివాళ్లు మిల్లు దుప్పట్లకు మారిపోయారు. ఇద్దరు ఆడపిల్లలు, అద్దె ఇల్లు. వెతగ్గా వెతగ్గా దొరికిన పని ఒక్కటే, జెండాల షాపులో. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది.

చేరిన రోజునే యజమాని ఒక కథ చెప్పాడు. ఆయన కంటే ముందు ఆ మిషను మీద కూర్చున్నవాడు ఒక జెండాకు తాడు దూర్చే పట్టీని తప్పు వైపు కుట్టాడట. ఓడవాళ్లు చూసుకోకుండా ఎగరేస్తే అది తలకిందులుగా ఎగిరింది. సముద్రం మీద తలకిందుల జెండా అంటే ఆపదలో ఉన్నామని అర్థం. రేవులోంచి రెండు పడవలు పరుగున వెళ్లేసరికి ఓడ కెప్టెను తీరిగ్గా టీ తాగుతున్నాడు.

"మర్నాటి నుంచి వాణ్ణి రావద్దన్నాను" అన్నాడు యజమాని. "చొక్కా తప్పు కుడితే ఒక్క మనిషికే కోపం. జెండా తప్పు కుడితే దేశమంతటికీ కోపం. గుర్తుంచుకో."

గుర్తుంచుకోకేం. మొదటి వారమంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకునే కుట్టాడు. ఆ వారం చేతికొచ్చినవి ఓడలు సైగలకు వాడే జెండాలు, వాటిలో అసలు ఆకుపచ్చే లేదు కాబట్టి బతికిపోయాడు. రెండో వారంలో ఒక సంగతి ఆయన వేలికి తగిలింది. షాపులో గుడ్డ కత్తిరించేది కత్తెరక్క. ఆయన కంటే పదేళ్లు పెద్దది, మాట తక్కువ మనిషి. పొడవాటి బల్ల దగ్గర నిలబడి, ముక్కలు కత్తిరించి, కుట్టేవాళ్లకు ఎవరి కట్ట వాళ్లకు కట్టి ఇచ్చేది. ఆ కట్టలో కొన్ని ముక్కల అంచున కత్తెరతో పెట్టిన చిన్న గాటు ఒకటి ఉంది. కొన్నిటికి రెండున్నాయి. పెట్రోలు ఓడలు ఎగరేసే జెండా మొత్తం ఒకే ఎర్ర గుడ్డ. దాని అంచు తడిమి చూశాడు, ఒకటే గాటు. ఇంకేం, లెక్క తేలిపోయింది. ఎరుపుకు ఒకటి, ఆకుపచ్చకు రెండు. కుట్టేటప్పుడు గాట్లు మడతలోకి పోతాయి, పైకి కనబడవు. ఇది షాపులో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి కాబోలు అనుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, "నా తెలివి చూశావా?" అని భార్య ముందు మీసం మెలేశాడు.

"తెలివి మీదో, ఆ గాటు పెట్టినవాళ్లదో" అంది ఆవిడ.

ఆ తెలివితో తొమ్మిదేళ్లు నెట్టుకొచ్చాడు. ఒక్క జెండా తిరిగి రాలేదు. ఆయన కుట్టు గీత గీసినట్టు వచ్చేది. పెద్ద ఓడలవాళ్లు ఆయన పనే కావాలని అడిగి మరీ తీసుకునేవారు.

అప్పుడొచ్చింది పంతొమ్మిది వందల అరవై. అలాంటి ఏడాదిని ఆ షాపు అంతకుముందు చూడలేదు. ఒక్క ఆఫ్రికాలోనే పదిహేడు దేశాలు స్వతంత్రమయ్యాయి. జనవరి ఒకటిన కామెరూన్‌తో మొదలైంది. ఏప్రిల్లో టోగో, జూన్‌లో మడగాస్కర్. ఏ దేశపు రేవుకు వెళితే ఆ దేశపు జెండా ఎగరేయడం ఓడల మర్యాద. దేశం కొత్తదైతే జెండా కూడా కొత్తగా కుట్టాల్సిందే. కిటికీలోని రేడియో రోజుకో వార్త మోసుకొచ్చేది. మే నెలలో చిలీలో భూమి కంపిస్తే, ఆ అల మహాసముద్రం దాటి జపాన్‌ను కొట్టిందని విన్న రోజు షాపులో మిషన్లన్నీ ఆగిపోయాయి. ఆగస్టు వచ్చేసరికి రోజు విడిచి రోజు ఒక దేశం పుడుతోంది. వాటిలో సముద్రమే లేని దేశాలూ ఉన్నాయి, కానీ వాటి జెండాలు హోటళ్లకూ సభలు జరిగే హాళ్లకూ కావాలి. అందరికీ పండగలా ఉంది, జెండాలాయనకు తప్ప. ఆ కొత్త జెండాల్లో చాలావాటికి ఎరుపూ ఆకుపచ్చే కావాలి. గాట్లు లేకపోతే ఆయన ఒక్కటి కూడా కుట్టలేడు.

జులై ఆఖరున కత్తెరక్క గుడ్డ తానొకటి భుజాన వేసుకుని మెట్లెక్కుతూ జారి కాలు విరగ్గొట్టుకుంది. రెండు నెలలు మంచం దిగకూడదన్నారు. ఆమె స్థానంలో యజమాని తన బావమరిదిని తెచ్చి నిలబెట్టాడు. ఆ మహానుభావుడు కత్తెర పట్టుకున్న తీరు చూస్తే గుడ్డకే భయం వేసేది. మొదటి కట్ట తెచ్చి జెండాలాయన ముందు పడేశాడు. కామెరూన్ ఎనిమిది, మడగాస్కర్ నాలుగు, సాయంత్రానికి కావాలి.

జెండాలాయన అంచులు తడిమాడు. నున్నగా ఉన్నాయి. అన్నీ తడిమాడు. ఒక్క గాటూ లేదు.

"గాట్లు పెట్టలేదేం?" అన్నాడు, గొంతు మామూలుగా ఉంచుకుంటూ.

"ఏం గాట్లు? బంగారంలాంటి గుడ్డకు గాట్లెందుకు?"

పక్క మిషనాయన వైపు తిరిగి, "నీకిచ్చే కట్టల్లో అంచున గాట్లు ఉండేవి కదా?" అని అడిగాడు.

"నేను పద్నాలుగేళ్లుగా కుడుతున్నా. ఎప్పుడూ చూడలేదే" అన్నాడు అతను.

జెండాలాయన చేతులు మిషను మీదే ఉండిపోయాయి. షాపు పద్ధతీ కాదు, పాడూ కాదు. ఆ గాట్లు ఒక్క తన కట్టలోనే ఉండేవి. అడగందే అమ్మయినా పెట్టదంటారు. తను నోరు తెరిచి అడగలేదు, ఆమె చెప్పలేదు, తొమ్మిదేళ్లు ప్రతి ముక్కకూ పెడుతూనే వచ్చింది. తన గొప్ప తెలివి తలుచుకుంటే తలకొట్టేసినట్టయింది.

మధ్యాహ్నం భోజనాల వేళ కట్టను సంచీలో వేసుకుని కత్తెరక్క ఇంటికి నడిచాడు. ఒకే గది. కిటికీ పక్క మంచం మీద కాలికి కట్టుతో కూర్చుని ఉంది. ఆయన సంచీ చూడగానే దిండు కింద నుంచి కత్తెర తీసింది.

"ఇంకా రాలేదేమిటా అనుకుంటున్నా" అంది.

"నీకెలా తెలిసిందక్కా?"

"చేరిన మూడో రోజు ఎర్ర దారం ఇమ్మంటే ఆకుపచ్చది ఇచ్చావు. మర్నాడు మళ్లీ అడిగాను. మళ్లీ అదే ఇచ్చావు."

"యజమానికి చెప్పొచ్చుగా. పోనీ, నాకైనా చెప్పలేదేం?"

"నీకు చెబితే సిగ్గుపడి మానేస్తావు. ఆయనకు చెబితే ఆయనే మానిపిస్తాడు" అంటూ అంచున గాట్లు పెడుతూనే ఉంది. "ముప్పై ఏళ్లుగా ముక్కలు కోసి ఇస్తున్నాను తమ్ముడూ. నేను తిన్నగా కోసినదాన్ని తిన్నగా కుట్టినవాడివి నువ్వొక్కడివే. ఎలా పోనిస్తాను?"

జెండాలాయన తల దించుకున్నాడు. తండ్రి కొట్టు మొదలుకుని అంతవరకూ, ఆ లోపం ఉన్న కళ్లతో కూడా తను ఒకరికి కావలసినవాడినని ఎవరూ ఆయనతో అనలేదు.

కట్ట తిరిగి ఇస్తూ కత్తెరక్క అంది, "ఇవాళ్టికి గండం గడిచింది. రోజూ ఇలా పరిగెత్తలేవు. ఆయనకు నువ్వే చెప్పు."

"ఉద్యోగం పోతే?"

"తప్పు జెండా కుడితే ఎలాగూ పోతుంది."

సాయంత్రం పన్నెండు జెండాలూ మడిచి యజమాని బల్ల మీద పెట్టి, జెండాలాయన కదలకుండా నిలబడ్డాడు. ఇద్దరాడపిల్లలూ కళ్ల ముందు మెదిలారు. అయినా మొత్తం చెప్పేశాడు, ఒక్క అక్షరం దాచుకోకుండా. యజమాని నమ్మలేదు. ఒక ముక్క ఎత్తి పట్టుకున్నాడు.

"ఇదేం రంగు?"

"తెలియదండి."

"ఇది?"

"అదీ తెలియదండి."

యజమాని లేచి కిటికీ దగ్గరకు వెళ్లాడు. రేవులో మూడు ఓడలున్నాయి. మూడింటి మీదా ఎగురుతున్నవి ఈ మనిషి కుట్టినవే.

"నిన్ను తీసేయాలంటే ఇలా కుట్టేవాణ్ణి ఇంకొకణ్ణి తేవాలి. ఎక్కణ్ణుంచి తేను?" అన్నాడు విసుగ్గా. "రేడియో పెడితే చాలు, ఇంకో దేశం పుట్టిందంటున్నారు. ఈ దేశాలు పుట్టడం ఆగనీ. అప్పుడు చెబుతా నీ సంగతి."

తర్వాత బావమరిదిని కేకేశాడు. "రేపట్నుంచి ఎరుపుకు ఒక గాటు, ఆకుపచ్చకు రెండు. అందరి కట్టల్లోనూ."

"ఎందుకు బావా?"

"ఎందుకేంటి? షాపు పద్ధతి."

దేశాలు పుట్టడం ఆ ఏడాదితో ఆగలేదు. ఆ తర్వాతి ఏళ్లలోనూ పుడుతూనే ఉన్నాయి. యజమాని చెప్పిన "అప్పుడు" రానేలేదు. ఆ దేశాల ప్రజలు కష్టపడింది తన ఉద్యోగం కోసం కాదని జెండాలాయనకూ తెలుసు. అయినా రేడియోలో కొత్త దేశం పేరు వినిపిస్తే మిషను ఆపి, ఒక్క క్షణం మనసులోనే వాళ్లకు దండం పెట్టుకునేవాడు. "చల్లగా ఉండండి నాయనా, మీ పుణ్యాన మా ఇంట్లో పొయ్యి వెలుగుతోంది" అనుకునేవాడు.

కత్తెరక్క అక్టోబరులో, నైజీరియా జెండాల హడావిడిలో, కుంటుకుంటూ తిరిగొచ్చింది. నవంబరు ఆఖరున ఆ ఏటి పదిహేడో దేశం, మౌరిటానియా వంతు వచ్చింది. మొత్తం ఆకుపచ్చ గుడ్డ, నడుమ పసుపు నెలవంక, పసుపు నక్షత్రం. ఎరుపు మచ్చుకైనా లేదు. జెండాలాయన కట్ట విప్పి అలవాటుగా అంచు తడిమాడు. రెండు గాట్లు.

"ఇందులో ఎరుపే లేదు కదక్కా. గాట్లెందుకు?"

"ఉంటే నీకు ధైర్యంగా ఉంటుందని" అంది కత్తెరక్క, తల ఎత్తకుండా.

ఆయన మిషను తొక్కడం మొదలుపెట్టాడు. కళ్లలో నీళ్లు తిరిగి సూది కనబడలేదు. తొమ్మిదేళ్లలో మొదటిసారి ఆయన కుట్టు వంకర పోయింది. తడబడి ఆపి, తుడుచుకుని, ఎవరైనా చూశారేమోనని తల తిప్పాడు. కత్తెరక్క చూస్తోంది.

"విప్పి మళ్లీ కుట్టు" అంది.