రెండు ఊళ్ళ నీళ్ళు తాగి వచ్చిన రోజు

కొల్లేరు ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో పంచాయతీ సెక్రటరీగా నా మొదటి ఉద్యోగం. ఊరి చుట్టూ చేపల చెరువులే. ఎటు చూసినా నీళ్ళు, తాగడానికి మాత్రం పనికిరావు. బోరు వేస్తే ఉప్పు నీళ్ళు పడేవి. అలాంటి ఊరికి మంచినీళ్ళ ప్లాంటు మంజూరైంది.

మా సర్పంచి గారు రిటైరైన టీచరు. మిషన్ స్కూల్లో చదువుకుని, అక్కడే పాఠాలు చెప్పి, ఊళ్ళో సగం మందికి అక్షరాలు దిద్దించారు. అందరూ టీచర్ గారు అనే పిలిచేవారు, నేనూ అంతే. ఆవిడకి నేను 'అమ్మాయ్'ని.

టెండరు నోటీసు రాసి ఆవిడ ముందు పెట్టాను. ఎప్పుడూ ఉండే మాటే అందులోనూ ఉంది: అందరికన్నా తక్కువ ధర వేసినవారికి పని.

"ఇలా కొన్న వీధిలైట్లు చూశావు కదా అమ్మాయ్, వానాకాలం రాకుండానే ఆరిపోయాయి. ఎన్నాళ్ళు పనిచేస్తుంది, పాడైతే ఎవరొస్తారు, కరెంటు ఎంత లాగుతుంది, ఇవన్నీ కలిపి చూడకూడదా?"

"ఆడిట్ వాళ్ళు అడుగుతారేమోనండి," అన్నాను. కొత్త ఉద్యోగం, భయంగానే ఉండేది.

మర్నాడు ఇద్దరం ఏలూరు వెళ్ళాం. నీటి సరఫరా ఆఫీసులో ఇంజినీరు గారు ఓపిగ్గా విన్నారు. "చూడొచ్చండీ. కాకపోతే దేనికెన్ని మార్కులో నోటీసులోనే రాసెయ్యాలి. ధరల కవర్లు విప్పాక కొత్త షరతు పెడితే కుదరదండి."

తిరుగు బస్సులో ఆవిడ చెబుతుంటే ఒళ్ళో బ్యాగు మీద కాగితం పెట్టుకుని నేను రాశాను. ధరకి కొన్ని మార్కులు, మరమ్మతుకి కొన్ని, ఇదివరకు పెట్టిన ప్లాంట్లు ఎలా నడుస్తున్నాయో చూసి కొన్ని. పరీక్ష పేపరు తయారుచేస్తున్నంత హుషారుగా ఉన్నారు ఆవిడ.

ఇద్దరు టెండర్లు వేశారు. ధరల కవర్లు విప్పకముందే వాళ్ళు పెట్టిన ప్లాంట్లు చూడటానికి నా స్కూటీ మీద బయల్దేరాం. చెరువు గట్ల మీద గుంతల్లో బండి ఎగిరినప్పుడల్లా నా భుజం పట్టుకుని, మళ్ళీ రోడ్డు బాగుండగానే సన్నగా కీర్తన పాడుకునేవారు.

కలిదిండి అవతల ఒక ఊళ్ళో మొదటి ప్లాంటు. తలుపుకి తాళం, తాళానికి తుప్పు. ఎదురింటి అరుగు మీద రొయ్యలు వలుస్తున్న ఆవిడ చెప్పింది: "ఫోన్ చేస్తే వస్తామంటారండీ. రారండి." మా మొహాలు చూసి లోపల్నించి మంచినీళ్ళు తెచ్చింది. ఒక గుక్కకే నా నాలుక మీద ఉప్పు తేలింది. టీచర్ గారు మాత్రం గ్లాసు ఖాళీ చేసి, "చల్లగా ఉన్నాయమ్మా" అన్నారు.

రెండోది తాడేపల్లిగూడెం దగ్గర. డబ్బాలతో ఆడవాళ్ళు వరసలో ఉన్నారు. "పాడవ్వకుండా ఎలా ఉంటుందండీ, మిషను కదా. కానీ సాయంత్రానికల్లా వచ్చి బాగుచేస్తారండి," అన్నాడు దాన్ని నడిపే అతను. ఇద్దరం చెరో గ్లాసు తాగాం.

"ఈ నీళ్ళతో టీ పెడితే ఎలా ఉంటుందో అమ్మాయ్!" అన్నారు.

వచ్చేటప్పుడు ఎండ వాలింది. గూడబాతులు గుంపుగా చెరువులో దిగుతుంటే బండి ఆపమన్నారు. చాలాసేపు అలా చూస్తూ నిలబడ్డాం. ఉద్యోగంలో అంత మంచి రోజు నాకు మళ్ళీ రాలేదు.

కవర్లు విప్పితే మొదటివాళ్ళదే తక్కువ ధర. మార్కులన్నీ కూడితే రెండోవాళ్ళకి పని వచ్చింది. మొదటాయన కోపంగా వచ్చాడు. "తక్కువ వేసింది నేనండీ!"

"నోటీసులో రాశాం కదా బాబూ. ముందు ఆ ఊళ్ళో తాళం తీయించండి. ఈసారి మీకూ మార్కులు పడతాయి," అన్నారు టీచర్ గారు. ఆయన విసురుగా వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకి అక్కడ నీళ్ళు వస్తున్నాయని విన్నాం.

ఆడిట్ వాళ్ళు అడిగారు. నోటీసు చూపించాను. చదువుకుని సంతకం పెట్టారు. మా ప్లాంటు మొదటి వేసవిలోనే ఒక పొద్దున ఆగింది, చీకటి పడేలోపు మళ్ళీ నడిచింది. ఆ రాత్రి టీచర్ గారి వసారాలో టీ తాగాం.

ఇప్పుడు నేను ఏలూరు పక్కన వట్లూరులో ఉంటూ జిల్లా ఆఫీసులో పనిచేస్తున్నాను. టెండర్లన్నీ కంప్యూటర్లోనే జరిగిపోతున్నాయి. మొన్న పండక్కి ఆ ఊరు వెళ్తే టీచర్ గారు మంచం మీద నుంచే అడిగారు, "ఏం కొంటున్నావమ్మాయ్ ఇప్పుడు?"

"స్కూళ్ళకి బల్లలండి."

"కూర్చునే పిల్లల్ని అడిగావా?"

నేను నవ్వేశాను. సోమవారం నాడు ఒక బడికి వెళ్ళి అడిగాను.