మరమనిషి గారి గొంతు

ఆయనకు కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. మా మేడలో మాత్రం అందరూ మరమనిషి గారనే అంటారు. ముప్పై ఏళ్ళ కిందట జనం ఎగబడి చూసిన అంతరిక్షం సినిమాలు మూడున్నాయి కదా, వాటిలో ఓడకు కాపలా కాసే మరమనిషికి మన భాషలో గొంతిచ్చింది ఈయనే. తెర మీద ఆ ఇనప బొమ్మకు నోరు లేదు. మాట్లాడినంతసేపూ ఛాతీ మీద ఎర్రదీపం వెలుగుతుంది, అంతే. యంత్రం ఊపిరి పీల్చదు కాబట్టి ఎంత పొడుగు వాక్యమైనా ఈయన ఒక్క ఊపిరిలో, సంతోషమో దుఃఖమో తెలియనివ్వకుండా చెప్పేవారు. ఆ రోజుల్లో నెత్తి మీద బకెట్ బోర్లించుకుని ఆయనలా మాట్లాడని పిల్లాడు లేడు. నేనూ బోర్లించుకున్నవాణ్ణే.

భార్య పోయాక ఆయన ఇంట్లో మాటన్నది వినపడలేదు. పిల్లలు లేరు. తలుపుకు తగిలించిన సంచిలో పాల ప్యాకెట్ దానంతటదే వచ్చి పడుతుంది. దుకాణంలో సరుకులు మనమే బుట్టలో వేసుకుని యంత్రానికి చూపిస్తే బిల్లు వచ్చేస్తుంది. బస్సెక్కి కార్డు ఆనిస్తే కుయ్యిమంటుంది. మనిషి నోరు విప్పకుండా వారాలకు వారాలు గడిపేయడానికి లోకం అన్ని ఏర్పాట్లూ శుభ్రంగా చేసిపెట్టింది. పడుకునే ముందు, ఇవాళ ఒక్క మాటైనా అన్నానా అని వెతుక్కునేవారట. చాలాసార్లు దొరికేది కాదట. ఇది చెప్పి ఆయన నవ్వారు గానీ, నాకు మాత్రం నవ్వు రాలేదు.

అలా ఉండగా ఒకరోజు పొద్దున ఫోన్ మోగింది. ఎత్తి “హలో” అన్నారు. గచ్చు మీద ఇనప కుర్చీని ఈడ్చినట్టు వచ్చింది ఆ హలో. ఆయనే ఫోను చెవి నుంచి తీసి ఒకసారి చూసుకున్నారు. అవతల కాసేపు చడీ చప్పుడూ లేదు.

“సార్... మరమనిషికి డబ్బింగ్ చెప్పిన సారేనా?” అని ఒక ఆడగొంతు అడిగింది.

“నేనేనమ్మా. కొంచెం జలుబు చేసింది,” అన్నారు. జలుబూ లేదు, గిలుబూ లేదు.

ఆ అమ్మాయి డబ్బింగ్ థియేటర్ ఇన్‌చార్జి. ఇన్నేళ్ళ తర్వాత ఆ సినిమాకు నాలుగో భాగం తీశారనీ, మరమనిషి మళ్ళీ ఉన్నాడనీ, వచ్చే నెల గొంతు పరీక్షకు రావాలనీ చెప్పింది.

“పరీక్షా? నా గొంతుకా?”

“తప్పదు సార్. సినిమా తీసినవాళ్ళు విని ఒప్పుకోవాలి.”

ఫోన్ పెట్టేశాక ఆయనకు కాలు నిలవలేదు. ఆ వెంటనే తన హలో గుర్తొచ్చింది. ఆ హలో విన్నాక తనను ఎవరు తీసుకుంటారు? ఆయన జీవితం మొత్తంలో జనం గుర్తుపెట్టుకున్నది ఆ ఎర్రదీపం వెనక ఉన్న గొంతు ఒక్కటే. రేపు తెర మీద దీపం వెలిగి, ఇంకెవరో మాట్లాడితే, తాను బతికున్నట్టా లేనట్టా? నాతో ఆయన అన్న మాటే ఇది. ఎలాగైనా ఆ పాత గొంతు తిరిగి తెచ్చుకోవాల్సిందే అనుకున్నారు.

ఉప్పునీళ్ళు పుక్కిలించారు. అద్దం ముందు నిలబడి పేపరు పైకి చదివారు. గొంతు లేవలేదు. వినేవాళ్ళు లేకపోతే గొంతు పొట్టలోనే ఉండిపోతుందట, పైకి రాదట. దాంతో వినేవాళ్ళ కోసం వేటలో పడ్డారు. బ్యాంకు గుమ్మం దగ్గర కాపలావాణ్ణి పట్టుకుని వాతావరణం గురించి వాయించారు. బీమా అమ్ముతానని ఫోన్ చేసిన అమ్మాయిని అడిగిందే అడుగుతూ ఎంతసేపు కదలనివ్వలేదంటే, చివరికి ఆమే ఏదో పనుందని పెట్టేసింది. లోకంలో బీమావాళ్ళు తప్పించుకుపోయేంత మనిషి ఈయనొక్కరే అయ్యుంటారు.

ఇక మిగిలింది చెల్లెలు. ఊరికి ఆ చివర చిన్న దర్జీ దుకాణం నడుపుతుంది. భర్త పోయి చాలా కాలమైంది, కూతురు పెళ్ళై వెళ్ళిపోయింది. అన్నాచెల్లెళ్ళకు గొడవేం లేదు, రాకపోకలూ లేవు. ఎవరైనా పోతేనే ఫోన్లు.

అందుకే ఫోనెత్తగానే ఆవిడ, “ఏమైందన్నయ్యా? ఎవరు పోయారు?” అంది.

“ఎవరూ పోలేదే. ఊరికే చేశా.”

“ఊరికే ఎవరన్నా ఫోన్ చేస్తారా? ఒంట్లో బాగానే ఉందా?”

“బాగానే ఉంది. పేపర్లో ఒక వార్త పడింది, చదువుతా విను.”

“చదువు. నా చేతులే కదా పనిలో ఉన్నాయి, చెవులు ఖాళీయే,” అంది.

ఆ రోజు నుంచి పొద్దున టిఫిన్ల వేళకు ఆయన ఫోన్ చేయడం, పేపరు చదవడం, ఆవిడ అటు కుట్టుమిషను తొక్కుతూ వినడం మొదలైంది. మిషను చప్పుడు ఆగిందంటే వార్త ఆవిడకు నచ్చినట్టు. అది కనిపెట్టాక ఈయన మిషను ఆగే వార్తల కోసం ముందే పేపరంతా వెతికి పెట్టుకునేవారు. క్రమంగా పేపరు తగ్గి కబుర్లు పెరిగాయి. ఎవరి కొలతలు ఎలా పెరిగాయో, ఒప్పుకోకుండా ఎవరు పాత కొలతలే ఇచ్చి వెళ్ళారో ఆవిడ చెబుతుంటే ఈయన పగలబడి నవ్వేవారు. ఆ నవ్వు కింద వాటాలో నాకు వినబడి, మేడ మీద ఎవరో చుట్టాలు దిగారనుకున్నాను.

పరీక్ష రోజుకు గొంతు కంచులా తయారైంది. థియేటర్లో మైకు ముందు నిలబడి, ఇచ్చిన వాక్యం ఒక్క ఊపిరిలో చెప్పేశారు. “లోపలికి రండి. ఈ ఓడలో ఇప్పుడు నేనొక్కణ్ణే ఉన్నాను.” సౌండ్ ఇంజినీరు అద్దం వెనక నుంచి బొటనవేలు ఎత్తి చూపించాడు. ఇన్‌చార్జి అమ్మాయి మాత్రం పెదవి కొరుక్కుంటూ లోపలికి వచ్చింది.

“గొంతు బ్రహ్మాండంగా ఉంది సార్. అదే ఇబ్బంది,” అంది.

“అదేమిటమ్మా?”

“ఈ కథలో అందరూ ఓడ వదిలేసి వెళ్ళిపోయారు సార్. ముప్పై ఏళ్ళు అతనొక్కడే ఉన్నాడు. మాట్లాడేందుకు ఎవరూ లేరు. ఇప్పుడు ఎవరో వచ్చి తలుపు తెరిస్తే మొదటి మాట ఇది. ఆ రోజు ఫోన్‌లో మీరు హలో అన్నారు చూడండి, స్పీకర్లో మేమందరం విన్నాం. అందరికీ గుండె ఆగినంత పనైంది. మాకు ఆ గొంతు కావాలి.”

ఆయన గొంతు బొంగురు చేసి చూశారు. తుప్పు పట్టించి చూశారు. “అది నటన సార్, తెలిసిపోతోంది,” అంది ఆ అమ్మాయి మొహమాటంగా. చివరికి, “వచ్చే వారం మళ్ళీ రండి. అప్పటిదాకా ఎవరితోనూ మాట్లాడకుండా ఉండగలరా?” అని అడిగింది.

ఇంటికొచ్చి కూర్చున్నారు. ఇంతకుముందైతే అదొక లెక్కే కాదు. ఇప్పుడు పొద్దున్నే ఫోనుంది. చెల్లెలికి విషయం చెప్పేయొచ్చు. కానీ ఏమని చెప్పాలి? ఇన్నాళ్ళూ నేను ఫోన్ చేసింది నీ కోసం కాదు, నా గొంతు కోసం అనా? మొదట్లో అది నిజమే. ఇప్పుడు నిజం కాదు. ఆ తేడా ఫోన్లో చెప్పడం ఎలాగో ఆయనకు చేతకాలేదు. మెసేజ్ పెడదామంటే ఆవిడ కళ్ళజోడు సూదిలో దారం ఎక్కించడానికి తప్ప దేనికీ పెట్టుకోదు. వారమే కదా, తర్వాత సర్దిచెప్పుకోవచ్చులే అనుకుని నోరు కట్టేసుకున్నారు.

మర్నాడు ఈయన చేయకపోయేసరికి ఆవిడే చేసింది. ఫోను బల్ల మీద మోగి మోగి ఆగింది. ఆ మర్నాడూ అంతే. మూడో రోజు ఎడతెరిపి లేకుండా మోగింది. ఆయన వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో నిలబడ్డారు. భార్య పోయినప్పుడు కూడా ఇల్లు ఇంత ఖాళీగా అనిపించలేదన్నారు. అప్పుడు మాట్లాడే మనిషి లేదు. ఇప్పుడు మనిషి ఉండి పిలుస్తోంది, పలకనిది తను. ఆ తర్వాత ఫోను మోగలేదు. పేపర్లు మడత విప్పకుండానే మూలన పేరుకుపోయాయి.

రెండో పరీక్షకు ముందు రోజు మధ్యాహ్నం ఎవరో తలుపు దబదబా బాదారు. తీస్తే చెల్లెలు. మెట్లెక్కిన ఆయాసంతో గోడ పట్టుకుని ఉంది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. ఆయన్ని పైకీ కిందికీ చూసి, భుజం మీద ఒక్కటి వేసింది.

“బతికే ఉన్నావా? బతికుండి ఫోనెత్తవా? దారంతా ఏమనుకుంటూ వచ్చానో తెలుసా నీకు?”

ఆయన గొంతు చూపించి, మాట్లాడకూడదన్నట్టు చెయ్యి ఊపారు.

“గొంతుకేమైంది? డాక్టరేమన్నాడు? నాకెందుకు చెప్పలేదన్నయ్యా?” అంటూ ఆవిడ గడప మీదే కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. ఆయన రెండు చేతులూ ఆడించారు, తల అడ్డంగా ఊపారు, చిటికెన వేలంత జబ్బు కూడా లేదని సైగలు చేశారు. ఆయన ఎంత సైగ చేస్తే ఆవిడ అంత ఏడ్చింది.

ఆయన వంగి ఆవిడ తల మీద చెయ్యి వేశారు.

“ఏడవకే,” అన్నారు.

ఎక్కడో అడుగున ఇరుక్కున్నది పెగిలి వచ్చినట్టు, గీసుకుంటూ, మధ్యలో విరిగి వచ్చింది ఆ మాట. ఆయన ఈ పనిలో తలపండినవారు కదా, చెవిన పడగానే తెలిసిపోయింది. ఆ అమ్మాయి అడిగింది ఇదే. మైకు లేదు, ఎర్రదీపం లేదు. విన్నది చెల్లెలు ఒక్కతే.

“గుమ్మంలో కూర్చున్నావేమిటే, లోపలికి రా,” అన్నారు తర్వాత. అది అప్పటికే కొంచెం నయంగా వచ్చింది. పరీక్ష సంగతి, ఫోన్ల సంగతి, మొదటి నుంచీ అంతా చెప్పేశారు. ఆవిడ కాసేపు తిట్టింది, కాసేపు అలిగింది. ఆ పైన దుకాణం కబుర్లు అందుకుంది. దీపాలు పెట్టే వేళకు ఆయన గొంతు మళ్ళీ కంచు.

అయినా మర్నాడు థియేటరుకు వెళ్ళారు. మైకు ముందు నిలబడి వాక్యం చెప్పారు. ఇన్‌చార్జి అమ్మాయి మెల్లగా హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

“ఎవరితోనో మాట్లాడారు కదా సార్?”

“మాట్లాడానమ్మా,” అన్నారు. “మా చెల్లెలు వచ్చింది.”