ముళబాగిలు కోట కింద చెప్పుల కాపలా

చెప్పులకు కాపలా... మా చిన్నప్పుడు ముళబాగిలు కోట చూడటానికి పోయిన రోజున నాకు దక్కిన ఉద్యోగం అది. ఇన్నేళ్ళయినా తలచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మా ఊరి బంగారు గని సర్కారుదైపోయిన తర్వాతి రోజులు. మేము గని కార్మికుల వరస ఇళ్ళుండే కోరమండల్ లైన్లలో ఉండేవాళ్ళం. నాయన గని లోపల పనిచేసేవాడు. మా లైన్లలో 'కిందికి పోయినాడు' అంటే పనికి పోయాడని. 'పైకొచ్చినాడు' అంటే షిఫ్టు అయిపోయింది, ఇంటికొస్తున్నాడని. సైరన్ మోగాక ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడి ఒకరినొకరు అడిగే మాట అదే... "మీ ఆయన పైకొచ్చినాడా?"

నాకు ఒక్కసారైనా కిందికి దిగి నాయన పనిచేసే చోటు చూడాలని ఉండేది. అడిగితే "ఆడోళ్ళు కిందికి దిగకూడదమ్మా, రూలు ఉండాది" అనేవాడు. సరే, రూలు కదా అని ఊరుకున్నాను.

ఇంతలో ఒక ఆదివారం కోటకు పోదామన్నాడు నాయన. ఆ కొండపైన కోటగోడ దగ్గర నిలబడితే, మబ్బు లేని రోజున మన సైనైడ్ గుట్టలు తెల్లగా కనిపిస్తాయని ఆయనకు ఎవరో చెప్పారట. బంగారం తీసేశాక మిగిలిన మట్టిని పోసిన గుట్టలవి. గోనెసంచి వేసుకుని వాటి మీద జారడంలో మా లైన్లో ఏ మగపిల్లాడూ నాకు సాటి వచ్చేవాడు కాదు. కిందికి పోనీయకపోతే పోనీయండి... మా ఊరిని పైనుంచైనా చూస్తానని ముందురోజంతా ఎగిరాను.

అమ్మ చిత్రాన్నం కలిపి క్యారియర్లో పెట్టింది. బస్సు దిగి కొండ దగ్గరికి నడిచాం. తీరా అక్కడికి పోయాక, నాయన చెప్పులు విడిచి నా ముందు పెట్టాడు. తమ్ముడి చెప్పులు కూడా.

"బండలు జారతాయి. ఆడపిల్లవి, పావడా కట్టుకోని యాడెక్కుతావు? అమ్మకు తోడుగా ఉండు. చెప్పులు చూసుకో."

"తమ్ముడు నాకన్నా చిన్నోడు కదా నాయనా?"

"వాడు మగపిల్లోడు కదమ్మా."

"కిందికీ పోకూడదు, పైకీ పోకూడదు... ఇంగ నేను యాడికి పోవల్ల?"

నాయన పకపకా నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది. నేను నవ్వించడానికి అడగలేదండీ. ఆ ప్రశ్నకు ఈరోజుకీ ఎవరూ జవాబు చెప్పలేదు.

ఆ మగపిల్లోడు సగం దూరం కూడా ఎక్కకముందే ఏడుపు మొదలుపెట్టాడు. నాయన వాడిని ఎత్తి భుజం మీద కూర్చోబెట్టుకున్నాడు. కింద నుంచి అంతా చూస్తూనే ఉన్నాను. చూసి ఏడ్చాను కూడా.

అమ్మ నీళ్ళకని పోయింది. అప్పుడు వచ్చింది గౌనిపల్లి అవ్వ... నాయనకు మేనత్త. చిత్తూరు బస్సు కోసం ముళబాగిలుకు వచ్చి, బస్సుకు ఇంకా టైముందని కొండకు దండం పెట్టుకోవడానికి ఇటు నడిచిందట. మేము వచ్చిన సంగతి ఆమెకు తెలియదు. ఏడ్చి ఉబ్బిన మొహంతో నేను, నా ముందు నాయన చెప్పులు.

"ఏం పాపా, ఒక్కదానివే ఉండావే? మీ నాయన యాడ?"

"నాయన పైకి పోయినాడు."

అవ్వ మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఎప్పుడే?"

"పొద్దున్నే. తమ్ముడూ నాయనతోనే పోయినాడు. నన్ను మాత్రం వదిలేసి పోయినారు."

అంతే... అవ్వ నేల మీద కూలబడి గుండెలు బాదుకుంది. "అయ్యో నా కొడకా! ఆ గని గుంతలోకి దిగొద్దురా అని ఎన్నిసార్లు చెప్తినిరా!"

మా లైన్లలో పైకి రావడమంటే ప్రాణాలతో ఇంటికి రావడం. గౌనిపల్లిలో పైకి పోవడమంటే పోవడమే. ఆ తేడా నాకెలా తెలుస్తుంది? జనం మూగారు. అమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. సంగతి తెలిసి అవ్వను ఓదార్చి, నా వీపు మీద రెండు వేసింది. "నోట్లో నుంచి అట్లాంటి మాట ఎట్లొచ్చిందే?"

నేను చెప్పింది నిజం! కొండపైకి పోయినవాడిని పైకి పోయినాడనకుండా ఏమనాలి?

నాయన దిగి వచ్చాక అవ్వ ఆయన చెంపలు తడిమి తడిమి ఏడ్చింది. తర్వాత అందరూ కలిసి చిత్రాన్నం తింటూ ఒకటే నవ్వులు. నేను తమ్ముడిని పక్కకు లాగి అడిగాను, గుట్టలు కనిపించినాయా అని.

"నేను చూడలేదక్కా. నాయన భుజం మీద నిద్రపోయినా."

నిద్రపోయాడట!

"ఇంగోసారి నిన్ను తీసుకపోతాలేమ్మా" అన్నాడు నాయన బస్సులో. ఆ ఇంకోసారి రాలేదు. మంచివాడే మా నాయన, నన్ను ఏనాడూ చేయెత్తి కొట్టలేదు. అయినా ఈ ఒక్క విషయంలో ఆయన మీద నా కోపం పోలేదు. ఇంట్లో ఏ పెళ్ళి జరిగినా 'నాయనను చంపేసిన పిల్ల' అని ఈ కథ చెప్పుకుని నవ్వుతారు. ఆ పిల్లను కింద ఎందుకు వదిలేశారో మాత్రం ఒక్కరూ చెప్పరు.

ఈమధ్య నేనొక్కదాన్నే ఆ కొండ ఎక్కాను. చెప్పులు సంచిలో వేసుకున్నాను... ఎవరినీ కాపలా పెట్టలేదు. కోటగోడ రాళ్ళ మీద సున్నంతో ఎవరెవరి పేర్లో గీసి ఉన్నాయి. అన్నీ మగపిల్లల పేర్లే. ఎండ మసకలో చాలా దూరాన ఏదో తెల్లగా కనిపించింది. గుట్టలేనా అని అడగడానికి పక్కన నాయన లేడు. ఆయన పైకి పోయి చాలా ఏళ్ళయింది... గౌనిపల్లి అవ్వ అనుకున్న అర్థంలోనే.

గని మూతపడింది. ఇప్పుడు మా లైన్లలో మగవాళ్ళూ కిందికి పోరు. పైకొచ్చినాడా అని అడిగే ఆడవాళ్ళూ లేరు. కిందికీ పైకీ పోకూడదని నాకు రూలు అడ్డం పెట్టినవాళ్ళంతా పోయాక, కొండ మాత్రం నాకు మిగిలింది.

మీరు కూడా చెప్పండి... మిమ్మల్ని ఎక్కడ చెప్పులకు కాపలా పెట్టారు?