మూడు నిమిషాల చీటీ

మా ఆయన చెన్నయ్య హుజూర్‌నగర్‌లో గడియారాలు బాగుచేసేవాడు. చేతిలో పనుంది, కడుపులో కుళ్ళూ ఉంది. ఆ కుళ్ళంతా చిట్యాలలో ఇదే పని చేసే ఏసోబు మీదే. ఇద్దరూ నల్లగొండలో మారయ్య ఉస్తాదు దగ్గర ఒకే బల్ల మీద పని నేర్చుకున్నవాళ్ళు. ఏసోబు రేడియో కొన్నాడని తెలిసిన రోజు ఈయన అన్నం ముట్టలేదు. "రేడియో విని టైం కలుపుడు గూడ ఒక పనేనా?" అని నా మీద ఎగిరాడు. రేడియో నేనే కొనిచ్చినట్టు!

పంతొమ్మిది వందల అరవై రెండులో ఉస్తాదుకు చూపు మందగించింది. తన పెద్ద గోడగడియారాన్ని ఇద్దరిలో ఒకరికి ఇస్తానన్నాడు. నలభై ఏళ్ళు దాన్ని చూసే ఆయన ఊరందరి గడియారాలూ సరిచేశాడు. అది ఎవరి గోడకెక్కితే వాడే ఉస్తాదు వారసుడు.

అప్పుడే పేపర్లో ఒక వార్త పడింది. ఇంగ్లండులో ఒక గడియారాన్ని, అమెరికాలో ఇంకోదాన్ని ఆకాశంలోని ఉపగ్రహం ద్వారా సరిచూశారట. ఉస్తాదు ఇద్దరినీ కూర్చోబెట్టాడు.

"రేడియో ఒక దిక్కు నుంచే చెప్తది. తొవ్వల ఎంత సేపైందో మనకు ఎరుక లేదు. గాళ్ళు ఒకలకొకలు పంపుకున్నరు, పోను రాను ఒక్కటే తొవ్వ గనక ఆ లెక్క కొట్టుకపోయింది. మనకు ఉపగ్రహం లేదు, బస్సుంది. ఒకల గడియారం ఒకలకు పంపుండ్రి. తేడా ఎంతో చీటీ రాసి నాకియ్యుండ్రి. ఎవరిది వెనకబడ్డదో తేలుతది."

మా జేబు గడియారం ఒకటి ఏసోబుకు పోయింది, అతనిది బస్సు డ్రైవరు చేతిలో మాకు వచ్చింది. నేను పక్కనే ఉన్నాను. మా దుకాణంలోని గడియారంతో క్షణం తేడా లేదు. ఈయన మొహం మాడిపోయింది. చీటీ మీద 'ఏసోబుది మూడు నిమిషాలు వెనుక' అని రాశాడు.

"గదేంది?" అన్నాను.

"నీకేం తెల్సు, ఊకో" అన్నాడు. ఊరుకున్నాను. అది నా తప్పే.

నల్లగొండలో ఉస్తాదు రెండు చీటీలూ చదివించుకున్నాడు. ఏసోబు చీటీలో 'తేడా లేదు' అని ఉంది. ఏసోబు దగ్గర లేని తేడా నీ దగ్గరెట్లా వచ్చిందని ఉస్తాదు మా ఆయన వైపు తిరిగాడు.

"బస్సు కుదుపులకు నాదే జర ఆగి ఉంటది, ఉస్తాద్" అన్నాడు ఏసోబు. "గోడగడియారం చెన్నన్నకే ఇయ్యుండ్రి."

అది మా ఇంటికే వచ్చింది. వారానికోసారి దానికి కీ తిప్పేది నేనే. ఈయన దాని వైపు చూడడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"ఇంకేం కుళ్ళు నీకు? వాడే నీ చేతుల పెట్టిండు గద."

"గదే నాకు మండుతాంది" అన్నాడు. "వాని జాగల నేనుంటే ఇస్తుంటినా?"