తిరగేసిన జాకెట్టు

నరసరావుపేటలో మగ్గం వర్కంటే రజియా పేరే చెబుతారు. పదేళ్ల కిందట పక్క వీధిలో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మెషిన్ దిగినప్పుడు, వచ్చిన ప్రతి ఆడమనిషికీ జాకెట్టు తిరగేసి చూడమని నేర్పింది ఆమే. చేతిపనికైతే లోపలివైపు సూది నడిచిన దారి తెలిసిపోతుందని ఒక్కొక్కరికీ చూపించింది. ఆ మెషినాయన రెండేళ్లకే కొట్టు కట్టేశాడు. పాపం, ఇప్పటికీ రజియా ఎదురైతే మొహం తిప్పుకుంటాడు.

ఇప్పుడు ఆ తిరగేయడమే రజియాకు గుబులై కూర్చుంది.

ఎప్పుడూ రజియా దగ్గరే పని చేయించుకునే కోటమ్మ మనవరాలు లిఖిత పెళ్లి ఆదివారం. పెళ్లి జాకెట్టుకు రెండు చేతుల మీదా నెమళ్లు కావాలంది. కుడిచేతి నెమలి రెండు రోజుల్లో దిగింది. ఎడమచేతికొచ్చేసరికి రజియా బొటనవేలు వాచి సూది నిలవలేదు. కోడలు రుక్సానా ఫోన్‌లో ఫొటో తీసుకుపోయి, చిలకలూరిపేటలో దానికి జోడీలాంటి రెడీమేడ్ నెమలిని కొనుక్కొచ్చి, జిగురుతో అతికించేసింది. పైనుంచి ఎవరికీ తెలియదులే అత్తా అని నచ్చజెప్పింది.

బుధవారం పొద్దున్నే కోటమ్మ ఆటో దిగింది. కంగారులో రజియా పొయ్యి మీద కూర సంగతే మరిచిపోయింది. కోటమ్మ రెండు నెమళ్లనూ నిమిరింది. ఎడమదాని మీద వేలు ఆగింది.

"ఇది చానా నున్నగా వచ్చిందే. నీ చెయ్యి ఇంకా తేలింది."

తిరగేయకుండానే సంచిలో పెట్టుకుంది. నీ పని కూడా తిప్పి చూడాలంటే ఇంక ఎవర్ని నమ్మేదని నవ్వుతూ చెప్పులు వేసుకుంది. ఊరుకోమని రుక్సానా కళ్లతోనే చెబుతోంది. రజియా సంచి పట్టుకుని ఆపింది.

"పెద్దమ్మా, ఒక్కసారి తిప్పి చూడండి."

కోటమ్మ తిప్పింది. కుడిచేతి లోపల దారం గీతలు. ఎడమచేతి లోపల ఎండిన జిగురు మరక.

"నాకు తిప్పడం నేర్పింది నువ్వే గదే."

"వేలు మడత పడట్లేదు పెద్దమ్మా."

కోటమ్మ చెప్పులు విప్పి చాప మీద కూలబడింది.

"దాన్ని పీకెయ్. శుక్రవారం సాయంత్రం దాకా టైముంది. నువ్వు కుట్టిందాకా నేను కదల్ను. ఏందో, నీ వేలూ నా మనవరాలి పెళ్లీ ఒకసారే ముంచుకొచ్చినయ్."

రుక్సానా వేడినీళ్లలో ఉప్పు కలిపి తెచ్చింది. రజియా వేలు ముంచి తీసి, అతికించిన నెమలిని పీకేసి, మగ్గానికి గుడ్డ బిగించి, మరక మీదే సూది దించింది. ఒక కుట్టు పడింది. రెండోది పడేలోపే సూది జారింది. వంటింట్లోంచి కూర మాడిన వాసన వచ్చినా ఎవరూ లేవలేదు. రజియా సూది మళ్లీ అందుకుంది.